నడవ ఉన్న ఇల్లు: సిడ్నీ టెర్రస్ ఇళ్లు ఎన్ని చేతులు మారాయి?

(సిడ్నీలో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో, పాత ఇళ్ల మరమ్మతు పనిచేసే ఒక సివిల్ ఇంజనీరు మాట్లాడిన దానికి రాతరూపం.)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్లకి వినిపిస్తోందా? సరే.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో అమ్మకి ఫోన్ చేసి, "ఇప్పుడు టెర్రస్ ఇంటి మీద పని చేస్తున్నానమ్మా" అన్నాను. "ఏం, కారుతోందా?" అంది. ఆవిడ లెక్కలో టెర్రస్ అంటే డాబా. వడియాలు పెట్టుకునే చోటు. వానొస్తే కారే చోటు. అది కాదమ్మా, ఇక్కడ టెర్రస్ అంటే వరస ఇళ్లు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, మధ్య గోడ ఇద్దరికీ ఉమ్మడి అని చెప్పాను. "అగ్రహారంలో ఇళ్లలాగా అను. మరి అరుగుంటుందా?" అంది. అరుగు లేదు, చిన్న వరండా ఉంటుంది, దానిమీద ఇనప అల్లికల బాల్కనీ ఉంటుంది అన్నాను. "అయితే వీధిలో వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూర్చోవచ్చు" అని తేల్చేసింది. నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత తొందరగా విషయానికి రాలేదు.

మనవాళ్లు ఎక్కువగా పడమటి పేటల్లో ఉంటారు కాబట్టి పాడింగ్టన్, గ్లీబ్, సర్రీ హిల్స్ వైపు వెళ్లేది చుట్టాలొచ్చినప్పుడో, ఎక్కడో కాఫీకో. అందుకని ముందు ఒక ఇంట్లోకి తీసుకెళతాను.

వీధి వైపు వెడల్పు నాలుగైదు మీటర్లు, అంతే. తలుపు మధ్యలో ఉండదు, ఓ పక్కకి ఉంటుంది. లోపలికి అడుగుపెడితే నేరుగా గది రాదు, నడవ వస్తుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒదగాల్సినంత ఇరుకు. నడవకి ఒక పక్కన ఉమ్మడి గోడ, రెండో పక్కన గదుల తలుపులు. ముందు గది, వెనక గది, తర్వాత మేడమెట్లు, ఆ వెనక వంటిల్లు. అది దాటితే చిన్న పెరడు, పెరటి చివర మరుగుదొడ్డి, దాని వెనక సందు. మురుగు గొట్టాలు రాకముందు రాత్రిపూట బండి వచ్చి దొడ్డి బకెట్లు ఎత్తుకెళ్లేది ఆ సందులోంచే. అలాంటి సందులు మన పాత పట్టణాల్లోనూ ఉండేవి. ఎవరు ఎత్తేవాళ్లో మనకి తెలుసు, మాట్లాడుకోం.

మేడమీద రెండో మూడో పడకగదులు. అక్కడా ఇదే ఏర్పాటు. ఏ గదిలోకి వెళ్లాలన్నా ఇంకో గది దాటక్కర్లేదు.

ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి. మన మండువా ఇంట్లో ఎవరు ఎటు కదిలినా నలుగురి కంట్లో పడాల్సిందే. ఇక్కడ అలా కాదు. నడవలోంచి ప్రతి గదికీ విడిగా దారి ఉంది, ప్రతి తలుపుకీ విడిగా తాళం వేసుకోవచ్చు. నూట యాభై ఏళ్లలో ఈ ఇళ్లు కాపురానికి పనికొచ్చాయి, అద్దె గదులకి పనికొచ్చాయి, కుట్టు మిషన్లకి, సారాకి, డాక్టరు గదికి, చదువుకునే పిల్లలకి, మొగుడి దెబ్బలు తప్పించుకొచ్చిన ఆడవాళ్లకి పనికొచ్చాయి. వీటన్నిటికీ కారణం ఆ నడవే అని నా నమ్మకం. ఇనప అల్లికలు బొమ్మల్లోకి ఎక్కాయి గానీ ఇంటిని నిలబెట్టింది నడవ.

ఇక ఇవి ఎలా పుట్టాయో కొంచెం. 1837లో ఈ కాలనీలో ఒక కట్టడాల చట్టం వచ్చింది, లండన్ నమూనా మీద. నిప్పంటుకుంటే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకుండా నగర హద్దులో ఉమ్మడి గోడని కప్పు దాటించి పైకి లేపాలన్నారు. ఈసారి నగరంలోకి వెళ్లినప్పుడు తలెత్తి చూడండి, ఇంటికీ ఇంటికీ మధ్య కప్పు మీదుగా గోడ పొడుచుకొచ్చి కనిపిస్తుంది. అందం కోసం పెట్టింది కాదది, అగ్గి భయం.

1851లో బంగారం దొరికింది. జనం పోటెత్తారు. 1891 నాటికి సిడ్నీ జనాభా నాలుగు లక్షలకి దగ్గరపడింది. పాడింగ్టన్‌లో 1840లలో సైనిక బ్యారక్‌లు కట్టేటప్పుడు రాతి పనివాళ్లు వేసుకున్న చిన్న ఊరు, 1870లు, 80లు వచ్చేసరికి కొండ వాలంతా మెట్లుమెట్లుగా వరస ఇళ్లతో నిండిపోయింది. ఈ ఇళ్లని చూసి చాలామంది "ఆహా, ఆ రోజుల్లో ఎంత ముచ్చటగా కట్టుకున్నారో" అంటారు. కట్టుకున్నవాళ్లు తక్కువ. కట్టించింది అద్దెల కోసం. నాలుగు డబ్బులున్న మేస్త్రీయో కొట్టువాడో కాస్త జాగా కొని నాలుగిళ్లు లేపి, ఒక దాంట్లో తనుండి మూడు అద్దెకిచ్చేవాడు. ఇనప అల్లికలు కూడా కేటలాగు చూసి నంబరు చెప్పి తెప్పించుకునే సరుకే. మొదట్లో ఓడల్లో వచ్చేవి, తర్వాత ఇక్కడి పోతపని ఫౌండ్రీలే పోశాయి. ఫెర్న్ ఆకుల నమూనా నాకిష్టం. ఇంగ్లండు ఇంటికి ఈ దేశపు ఆకు తగిలించినట్టుంటుంది.

1890లలో బ్యాంకులు కూలాయి, కట్టడాలు ఆగాయి. తర్వాత రైలు, ట్రాము సాగేకొద్దీ చేతిలో డబ్బున్నవాళ్లు దూరంగా, చుట్టూ తోటున్న ఒంటి బంగళాలకి తరలిపోయారు. పక్కవాడి గోడ తగలని ఇల్లు గొప్పదైంది. వరస ఇల్లు నామోషీ అయింది.

సరిగ్గా అప్పుడే ప్లేగు వచ్చింది.

1900 జనవరి. నాలుగేళ్ల ముందు బొంబాయిని పట్టి పీడించిన మహమ్మారే ఓడల ఎలుకలతో ఇక్కడ రేవులో దిగింది. ఆ ఏడాది సిడ్నీలో 303 మందికి సోకింది, 103 మంది పోయారు. రేవు పక్కనున్న ది రాక్స్, మిల్లర్స్ పాయింట్ పేటల్ని ప్రభుత్వం దిగ్బంధం చేసింది, సున్నం కొట్టించింది, ఎలుకలకి డబ్బులిచ్చింది. ఇంటింటికీ, పెరటిపెరటికీ ఫొటోలు తీయించింది. ఆ ఫొటోలు ఇప్పటికీ రాష్ట్ర దస్తావేజుల్లో ఉన్నాయి. నేను పనిలో వాటిని తరచూ తిరగేస్తాను. కూలగొట్టడానికి సాక్ష్యంగా తీసిన ఫొటోలవి. ఇప్పుడు మాలాంటివాళ్లం పాత కిటికీ ఎలా ఉండేదో చూసి మళ్లీ అలాగే చేయించడానికి వాటినే వాడుతున్నాం.

ఆ ఊపులో ప్రభుత్వం రేవు పేటలు మొత్తం స్వాధీనం చేసుకుంది. కొన్ని వరసలు అప్పుడు పడగొట్టారు, ఇంకొన్ని 1932లో తెరిచిన హార్బర్ బ్రిడ్జి కోసం పోయాయి. మిగిలిన ఇళ్లలో ఓడరేవు కూలీల్ని అద్దెకి ఉంచారు. అంటే ప్లేగు పుణ్యమా అని ఒక పేట పేటంతా సర్కారు అద్దెకొంప అయింది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మిగతా పేటల్లో జరిగింది మీకు కొత్తేం కాదు. విజయవాడలోనో కాకినాడలోనో వాటాల కొంపల్లో పెరిగినవాళ్లు మనలో ఉన్నారుగా. ముందు వాటా, వెనక వాటా, మేడమీద ఒంటిగది, నీళ్ల పంపు అందరికీ ఒకటే. ఇక్కడా అంతే. గదికో కుటుంబం, గదికో గ్యాసు పొయ్యి, మరుగుదొడ్డి ఒకటి. 1930ల మాంద్యంలో ఇంకా కిక్కిరిశాయి.

సర్రీ హిల్స్ ఆ రోజుల్లో పేరుమోసిన పేట. 1920ల చివర్లో గడ్డం కత్తులతో కొట్టుకునే ముఠాలు, వాటికి ఇద్దరు ఆడవాళ్లు నాయకులు. కేట్ లీ దొంగసారా, టిల్లీ డివైన్ వేశ్యాగృహాలు. డివైన్ అన్నాళ్లు నెగ్గుకు రావడానికి ఒక కారణం చెప్పి తీరాలి. 1905 నాటి చట్టం వేశ్యల సంపాదన మీద బతికే మగవాళ్లకే శిక్ష వేసింది, ఆడవాళ్ల ఊసెత్తలేదు. చట్టంలో కన్నం, ఇంట్లో నడవ. వ్యాపారానికి ఇంకేం కావాలి? (నవ్వులు) అదే పేటలో వెనక గదుల్లో బట్టలు కుట్టే చిన్న చిన్న కార్ఖానాలు కూడా నడిచాయి. లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబాలు ఆ వ్యాపారంలో నిలదొక్కుకున్నాయి. వీళ్ల గురించి సినిమాలు తీయరు, ముఠాల గురించే తీస్తారు.

రెండో యుద్ధం అయ్యాక నగర ప్రణాళిక గీసినవాళ్లు ఈ పేటల్ని మురికివాడల కింద రాసేశారు. పాడింగ్టన్‌ని సైతం, 1948 ప్రణాళికలో, పడగొట్టి మళ్లీ కట్టాల్సిన చోటుగా గుర్తించారు. సర్రీ హిల్స్‌లో డెవన్‌షైర్ వీధి వరసలు నిజంగానే తీసేసి నార్త్‌కాట్ అనే బహుళ అంతస్తుల సర్కారు ఫ్లాట్లు కట్టారు. డబ్బు చాలకో, తీరిక లేకో మిగతావి అలా వదిలేశారు. మన అదృష్టం ఎక్కువగా అలాంటి బద్ధకాల మీదే నిలబడుతుంది.

ఆ మధ్యకాలంలో ఈ ఇళ్లని ఎవరు కొన్నారు? గ్రీకులు, ఇటాలియన్లు, మాల్టా వాళ్లు. చవగ్గా దొరికాయి, పనికి నడిచి వెళ్లొచ్చు. వాళ్లు పై బాల్కనీ మూసి ఫైబ్రో అనే సిమెంటు రేకులు, గాజు పలకలు బిగించి ఇంకో పడకగది చేసుకున్నారు. తుప్పు పట్టిన అల్లికలు పీకి పారేశారు. పెరట్లో ద్రాక్షపందిరి, టమాటాలు వేశారు. ఇప్పటి వారసత్వ ప్రేమికులు ఆ ఫైబ్రో మాటెత్తితే చాలు ముఖం చిట్లిస్తారు. ఫైబ్రోలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాన్ని తీయడం నాకూ తలనొప్పే, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ ముట్టని రోజుల్లో కప్పు కారకుండా చూసిందీ, గోడ కూలకుండా చూసిందీ ఆ ఫైబ్రో వాళ్లే. వాళ్లే లేకపోతే ఇప్పుడు ముచ్చటపడటానికి అల్లికలు తగిలించే ఇల్లే ఉండేది కాదు.

1960లలో గాలి మళ్లింది. చిత్రకారులు, అధ్యాపకులు, చదువుకున్న జంటలు పాడింగ్టన్‌కి రావడం మొదలైంది. 1964లో అక్కడి జెర్సీ రోడ్డుని వెడల్పు చేస్తామంటే దాన్ని ఆపడానికి పాడింగ్టన్ సొసైటీ పుట్టింది, ఆపింది కూడా. అక్కడ నెగ్గింది మాటకారితనం, పలుకుబడి. ఆ రెండూ లేనిచోట ఇంకో బలం కావాల్సి వచ్చింది. 1971 నుంచి జాక్ మండీ నాయకత్వంలో కట్టడాల కూలీల సంఘం "ఈ కూల్చివేత పనికి మేం రాం" అని మొండికేసింది. వాటినే గ్రీన్ బ్యాన్‌లు అన్నారు. ది రాక్స్, కింగ్స్ క్రాస్ దగ్గరి విక్టోరియా వీధి వాటివల్లే మిగిలాయి. విక్టోరియా వీధి కోసం తన చిన్న పత్రికలో పోరాడిన జువానిటా నీల్సన్ 1975 జూలై 4న మాయమైపోయింది. ఆమెని చంపారని విచారణలో తేల్చారు, శవం మాత్రం ఈనాటికీ దొరకలేదు. ఆ వీధిలో చెట్ల కింద కూర్చుని కాఫీ తాగేటప్పుడు ఎవరికైనా ఆమె గుర్తొస్తుందా అనుకుంటూ ఉంటాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఇల్లు గురించి. గ్లీబ్‌లో ఆంగ్లికన్ చర్చికి పెద్ద భూమి ఉండేది, దానిమీద వందలకొద్దీ ఇళ్లు, చాలావరకూ శిథిలం. 1974 మార్చి 16న స్త్రీవాద ఉద్యమంలో ఉన్న ఆన్ సమ్మర్స్, బెస్సీ గత్రీ, మరికొందరు ఆడవాళ్లు పారలు, చీపుళ్లు పట్టుకుని వెస్ట్‌మోర్‌లాండ్ వీధిలో ఖాళీగా పడి ఉన్న ఇళ్లలోకి చొరబడ్డారు. తాళాలు మార్చి, ఇది ఇక మాది అన్నారు. ఇక్కడి పాత ఇళ్ల మీద పేర్లు చెక్కి ఉంటాయి, మనం "సీతా నిలయం" అని రాయించుకున్నట్టు. వాటిలో ఒక ఇంటి మీద ఉన్న పేరు ఎల్సీ. దాంతో ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం ఈ దేశంలో తెరిచిన తొలి ఆధునిక ఆశ్రయానికి ఎల్సీ అనే పేరే స్థిరపడింది. ఏ ఎల్సీయో, ఎవరి కూతురో, ఎవరి పెళ్లామో. ఇల్లు కట్టించినవాడు మురిపెంగా పెట్టుకున్న పేరు, ఇల్లు వదిలి పారిపోయి వచ్చినవాళ్లకి చిరునామా అయింది.

అదే ఏడాది అప్పటి ప్రధాని విట్లం ప్రభుత్వం ఆ చర్చి ఎస్టేటుని కొనేసింది. సుమారు 700 ఇళ్లు, కోటీ డెబ్భై అయిదు లక్షల డాలర్లు. బాగుచేసి పేదవాళ్ల అద్దెకే ఉంచింది. చాలావరకూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. బయటినుంచి చూస్తే పక్కవీధిలో కోట్లు పలికే ఇంటికీ దీనికీ తేడా తెలీదు, రంగు తప్ప.

రెడ్‌ఫర్న్‌లో మాత్రం కథ అలా నడవలేదు. అక్కడ 1973లో ఆదివాసులు తమ గృహ సంస్థ పెట్టుకుని, కేంద్రం గ్రాంటుతో వరస ఇళ్లు కొనడం మొదలుపెట్టారు. ఆ చోటుకి ది బ్లాక్ అని పేరు. నగరం నడిబొడ్డున వాళ్లదంటూ ఉన్న నేల. తర్వాత్తర్వాత మత్తుమందులు, పోలీసులు, పట్టింపులేనితనం. ఇళ్లు ఒక్కొక్కటే తీసేస్తూ 2011 నాటికి వరసలన్నీ నేలమట్టమయ్యాయి. ఇప్పుడక్కడ కొత్త ఇళ్లతో పాటు విద్యార్థుల కోసం కట్టిన ఎత్తైన టవరు ఉంది. రైలు దిగి విశ్వవిద్యాలయానికి నడిచే మన పిల్లలు రోజూ దాని పక్కనుంచే పోతారు.

ఇందాక వాయిదా వేసిన మిల్లర్స్ పాయింట్‌కి వస్తే, ప్లేగు తర్వాత సర్కారు అద్దెలోకి వెళ్లిన ఆ ఇళ్లలో తాత, తండ్రి, కొడుకు ఒకే ఇంట్లో ఉండిపోయిన కుటుంబాలు ఉండేవి. ఓడల పని పోయినా వాళ్లు పోలేదు. 1999లో ఆ పేట రాష్ట్ర వారసత్వ పట్టికలో చేరింది. 2014 మార్చిలో ప్రభుత్వం అక్కడి 293 ఇళ్లని అమ్మేస్తామని ప్రకటించింది. పాత ఇళ్ల మరమ్మతు ఖర్చు భరించలేం, ఆ డబ్బుతో వేరేచోట ఎక్కువ ఇళ్లు కడతాం అన్నారు. ఆ వాదన అబద్ధమని నేననను, మరమ్మతు ఖర్చు ఏ పాటిదో నాకు తెలుసు. అమ్మకం మొత్తం 60 కోట్ల డాలర్లు దాటింది కూడా. అయినా ఒక సంగతి నాకు మింగుడు పడలేదు. కొన్నవాడు పొగగొట్టం ఇటుక కదపాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. కిటికీ చట్రానికి చట్టంలో ఉన్న రక్షణ ఆ కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడకి లేకపోయింది. సామాన్లు లారీకెక్కించే రోజుల్లో నేను ఆ వీధుల్లో కొలతలు తీసుకుంటూ ఉన్నాను. గుమ్మాల్లో బీరువాలు, మంచాలు, పూలకుండీలు. ఒకాయన నా టేపు చూసి, "మీరు కొనేవాళ్ల తరఫునా, అమ్మేవాళ్ల తరఫునా?" అని అడిగాడు. గోడ తరఫున అన్నాను, తెలివిగా చెప్పాననుకుని. ఆయన నవ్వలేదు.

దగ్గర్లోనే సుసన్నా ప్లేస్ ఉంది. 1844లో కట్టిన నాలుగిళ్ల వరస, మూలన కిరాణా కొట్టు. ప్లేగునీ, బ్రిడ్జినీ తప్పించుకుని, 1990 దాకా జనం కాపురం ఉన్న ఇల్లు. ఇప్పుడు మ్యూజియం. తప్పకుండా వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. గోడ మీద పొరలు పొరలుగా ఉన్న కాగితాలు, ఒకదానిమీద ఒకటి పరిచిన లినోలియం చూపిస్తారు, ఏదీ కొత్తగా నునుపు చేయలేదు. మ్యూజియం కావడం కూడా ఒక వాడకమే, కాకపోతే రాత్రికి అక్కడ దీపం వెలగదు.

ఇంకో చిన్న మాట, మన పేట గురించి. హారిస్ పార్క్‌లో విగ్రమ్ వీధి మీద మీరందరూ దోసెలు తిన్నారు. అవి టెర్రస్‌లు కావు, ఒంటి కాటేజీలు, కానీ కథ అదే. పాత కాపురాల ఇళ్లు, ముందు గదిలో నాలుగు టేబుళ్లు, వరండాలో ఆరు. ఎప్పుడైనా బిల్లు కోసం ఎదురుచూసేటప్పుడు పైకప్పు మూలల్లో పువ్వుల నగిషీ ఉందేమో చూడండి.

ఇక నా పని. ఈ రోజుల్లో పాడింగ్టన్‌లో ఇల్లంటే మాట్లాడేది మిలియన్లలోనే. కొన్నవాళ్లు మొదట అడిగేది, "ఈ నడవ తీసేయొచ్చా?" అని. వెలుతురు కావాలి, వంటిల్లు పెద్దగా తెరిచి ఉండాలి. తప్పేం లేదు, చీకటి ఇళ్లే అవి. చాలా వీధుల్లో పురపాలక పట్టింపు ఎక్కువగా వీధికి కనిపించే ముఖం, కప్పు, పొగగొట్టాల మీదే. లోపలి గోడల్లో ఎన్నో సులువుగానే పోతాయి. ఇనప దూలం పెడతాం, గోడ దింపేస్తాం. ముందు 1880, వెనక ఈ ఏడాది.

చేస్తున్నది నేనే కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. కానీ నడవ తీసేశాక ఆ ఇల్లు ఇక ఒక్క కుటుంబానికే పనికొస్తుంది. రేపు మాంద్యం వచ్చినా గదికొకరు ఉండలేరు. కొంపలో నాలుగు తలుపులుంటే నాలుగు బతుకులు పడతాయి. తలుపులే లేకపోతే?

రెండేళ్ల క్రితం ఒక ఇంట్లో ఇలాగే మేడమీద గోడలు తీస్తున్నాం. పడకగది తలుపు రంగు గీకితే కింద ఇంకో రంగు, దాని కింద ఇంకోటి. ఆకుపచ్చ పొరలో చేత్తో రాసిన 3 అంకె బయటపడింది. తాళం కన్నాలు మూడు, ఒకదానికింద ఒకటి. రెండు చెక్కముక్కలతో పూడ్చేసి ఉన్నాయి, ఒకటి తెరిచి ఉంది. లోపల పొయ్యి పక్కన నేలలోంచి గ్యాసు గొట్టం మొన, మూతివేసి ఉంది. గోడ మీద చిన్న తొట్టి ఆనవాలు. ఒక మనిషి వంట, స్నానం, నిద్ర, అన్నీ ఆ ఒక్క తలుపు వెనకే.

ఆ తలుపు సైజు కొత్త ప్లానులో ఎక్కడా సరిపోలేదు. చెత్త తొట్టిలో వేసేశారు. సాయంత్రం అందరూ వెళ్లాక నేనే దాన్ని పైకి లాగి, కారు మీద కట్టుకుని మోటర్‌వే మీద యాభై దాటకుండా ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా గ్యారేజీలో ఉంది, బియ్యం బస్తాల వెనక. దాన్ని ఏం చేస్తారని మా ఆవిడ నెలకోసారి అడుగుతుంది. ఈ నెల ఇంకా అడగలేదు. అదిగో, ఆ మూల కూర్చుని నా వైపే చూస్తోంది కాబట్టి ఇక్కడితో ఆపేస్తాను. (నవ్వులు) టీ పెట్టారు, ప్రశ్నలు అక్కడ మాట్లాడుకుందాం.